కలెక్టర్ గారూ, సాయంత్రం పూట ఒక్క గది

కర్నూలు జిల్లా కలెక్టర్ గారికి నమస్కారం. పిల్లలకు సంగీతం నేర్పడానికి ఒక గది అడుగుతూ ఈ ఉత్తరం.

డాక్టర్ శ్రీపాద పినాకపాణి గారిది వైద్య వృత్తి. అయినా నేదునూరి కృష్ణమూర్తి, నూకల చినసత్యనారాయణ లాంటి కర్ణాటక సంగీత విద్వాంసులకు సంగీతం పాఠం చెప్పారు. నూరేళ్లకు కొద్ది నెలల ముందు, 2013లో మన ఊళ్లోనే కన్నుమూశారు.

నాకు సంగీతం నేర్పిన టీచరమ్మకు అంత పేరేమీ లేదు. ముందు గదిలో చాప పరిచి, మాయామాళవగౌళ రాగంలో సరళీ స్వరాలు, అంటే మొదటి పాఠాలు, మూడు కాలాల్లో (వేగాల్లో) పాడించేవారు. తాళం తప్పితే తిట్టేవారు కాదు. నా చెయ్యి పట్టుకుని తొడ మీద మళ్లీ వేయించేవారు. ఫీజు కట్టని నెల గురించి ఒక్కసారీ అడగలేదు. ఇప్పుడు నేనూ పిల్లల చెయ్యి అలాగే పట్టుకుంటున్నానని మొన్న మా ఆవిడ చెప్తేగానీ తెలీలేదు!

నేను పాఠం చెప్పేది అద్దె ఇంట్లో, పై వాటా వాళ్లకు గోల. ఏదైనా ప్రభుత్వ బడిలో సాయంత్రం ఖాళీగా ఉండే గది ఇప్పించండి. కరెంటు బిల్లు మేమే కడతాం. చాపలున్నాయి.

ఇట్లు,
ఒక సంగీతం మాస్టారు