ఇరాక్ పెట్రోలు ధర: ముందు చూడవలసింది రిఫైనరీల వైపు

సంపాదకులకు నమస్కారం.

యుద్ధం తరువాతి ఇరాక్ గురించి పత్రికల్లో వచ్చే వ్యాసాలు చాలావరకు ఆ దేశపు చమురు నిల్వల లెక్క దగ్గరే ఆగిపోతున్నాయి. దాదాపు 14,500 కోట్ల బ్యారెళ్ల నిల్వలున్న దేశంలో, 2003 తరువాత ఏళ్ల తరబడి జనం బంకుల ముందు గంటలకొద్దీ ఎందుకు బారులు తీరవలసి వచ్చిందో ఆ లెక్క చెప్పదు. ముడిచమురు ఎంత ఉన్నా, దాన్ని శుద్ధి చేసే రిఫైనరీ నడవకపోతే వాహనం కదలదు.

బైజీ, దౌరా, బస్రా రిఫైనరీలు 1991 యుద్ధంలో దెబ్బతిన్నాయి. 1990 నుంచి దాదాపు పదమూడేళ్లు సాగిన అంతర్జాతీయ ఆంక్షల వల్ల విడిభాగాలు దొరకడమే గగనమైంది. 2003లో అమెరికా జరిపిన దాడి తరువాత లూటీలు జరిగాయి, కిర్కుక్ నుంచి టర్కీ వైపు వెళ్లే పైపులైనును పదేపదే పేల్చివేశారు. కరెంటు లేక రిఫైనరీలు ఆగేవి, ఇంధనం అందక విద్యుత్ కేంద్రాలు ఆగేవి. చివరకు చమురు ఎగుమతి చేసే దేశమే పెట్రోలును పొరుగు దేశాల నుంచి అంతర్జాతీయ ధరకు కొని, ప్రజలకు లీటరు 20 దినార్లకు, అంటే అమెరికా సెంటున్నర కూడా లేని ధరకు, అమ్మవలసి వచ్చింది. ఈ వ్యత్యాసంలో పెద్ద వాటా సరిహద్దులు దాటించే స్మగ్లర్ల పాలైందన్నది నిజం. కాబట్టి ఆ పాత ధరే కొనసాగి ఉండాల్సిందని నేను వాదించడం లేదు.

నా అభ్యంతరం వరుసక్రమం మీద. అప్పులిచ్చిన దేశాల బృందమైన పారిస్ క్లబ్ 2004 నవంబరులో తన సభ్యదేశాలకు ఇరాక్ నుంచి రావలసిన అప్పులో 80 శాతం విడతలవారీగా రద్దు చేయడానికి అంగీకరించింది కానీ, తరువాతి విడతలను ఇంధన సబ్సిడీల తగ్గింపు వంటి సంస్కరణలు కోరే అంతర్జాతీయ ద్రవ్యనిధి కార్యక్రమంతో ముడిపెట్టింది. 2005 డిసెంబరులో ద్రవ్యనిధి 68.5 కోట్ల డాలర్ల రుణ ఏర్పాటుకు ఆమోదం తెలిపిన రోజుల్లోనే, పార్లమెంటు ఎన్నికల పోలింగు ముగిసీ ముగియగానే, ఇంధన ధరలు ఒక్కసారిగా కొన్ని రెట్లు పెరిగాయి. పలు పట్టణాల్లో ప్రజలు వీధుల్లోకి వచ్చారు. ఈ పెంపును వ్యతిరేకించిన చమురు మంత్రి ఇబ్రహీం బహర్ అల్-ఉలూం పదవి నుంచి తప్పుకున్నారు. పేద కుటుంబాలకు నగదు సాయం కూడా ఆ సంస్కరణల్లో భాగమే. అయితే ధర ఒక్క రాత్రిలో పెరుగుతుంది. యుద్ధంతో చెదిరిపోయిన పాలనా యంత్రాంగం అర్హుల జాబితా తయారు చేయడానికి నెలలు పడుతుంది. ఆ మధ్యకాలంలో టాక్సీ డ్రైవరు, కిరోసిన్‌తో చలి కాచుకునే ఇల్లు, జనరేటరు మీద నడిచే చిన్న దుకాణం ఆ భారాన్ని మోశాయి. రిఫైనరీల మరమ్మతు, కరెంటు సరఫరా, నగదు సాయం, ఆ తరువాతే దశలవారీ ధరల పెంపు: వరుస ఇలా ఉంటే సంస్కరణను జనం శిక్షగా భావించి ఉండేవారు కాదని నా దృఢ నమ్మకం.

రిఫైనరీలను వెనక్కు నెట్టిన ఫలితం ఆ తరువాత కూడా వెంటాడింది. దేశంలోనే అతి పెద్దదైన బైజీ ఇస్లామిక్ స్టేట్ ఉగ్రవాదులతో జరిగిన 2014, 2015 పోరాటాల్లో ధ్వంసమై, 2024లో గానీ తిరిగి పెద్ద ఎత్తున పనిలోకి రాలేదు. రోజుకు 1,40,000 బ్యారెళ్ల సామర్థ్యమున్న కర్బలా రిఫైనరీ 2023లో ప్రారంభమైంది, అంటే సద్దాం ప్రభుత్వం కూలిన ఇరవై ఏళ్లకు. బస్రా చుట్టుపక్కల బావుల నుంచి చమురుతో పాటు పైకి వచ్చే సహజవాయువును గాలిలో తగలబెడుతూనే, విద్యుత్ కేంద్రాల కోసం ఇరాన్ నుంచి వాయువు కొనుక్కోవడం ఇందులోని మరో విషాదం. చమురు, వాయువు ఇరాక్ ప్రజలందరి సొత్తని 2005 రాజ్యాంగం 111వ అధికరణం ప్రకటించింది. ఆ సొత్తు నిర్వహణకు సంబంధించిన చట్టం ముసాయిదాను మంత్రివర్గం 2007లో ఆమోదించినా, దానికి పార్లమెంటు ఆమోదం దక్కలేదు.

ఇకపై ఇరాక్ చమురు వార్తలు ప్రచురించేటప్పుడు ఎగుమతి అంకెలతో పాటు, దేశంలోపల ఎంత శుద్ధి అవుతోందో, ఎంత పెట్రోలు, డీజిలు దిగుమతి చేసుకుంటున్నారో, ఎంత వాయువు మండిపోతోందో కూడా పాఠకులకు తెలియజేయవలసిందిగా మీ పత్రికను కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు