నిపుణులు చూశాకే పాత రాయిని ముట్టాలి

సంపాదకులకు నమస్కారం.

ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో పురావస్తు సంపద బయటపడినప్పుడల్లా పత్రికల్లో ఫొటోలు వస్తాయి, నాలుగు రోజులు ఊరంతా సందడిగా ఉంటుంది, ఆ తర్వాత ఆ వస్తువు ఎక్కడుందో, ఏ స్థితిలో ఉందో అడిగేవారు కనిపించరు. తవ్వి తీయడంతోనే పని పూర్తయిందన్న భావన మనలో బలంగా ఉంది. నిజానికి వందల ఏళ్లు మట్టిలో నిలకడగా ఉన్న వస్తువుకు గాలి, వెలుతురు, మనుషుల చేతులు తగిలిన రోజు నుంచే అసలు ప్రమాదం మొదలవుతుంది. అందుకే పరిరక్షణ శాస్త్రం తెలిసినవారి సలహా లేకుండా ఏ పాత కట్టడం మీదా, శాసనం మీదా, నాణెం మీదా ఎవరూ చెయ్యి వేయకుండా జిల్లా స్థాయిలోనే ఒక శాశ్వతమైన ఏర్పాటు ఉండాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

సూర్యాపేట జిల్లా ఫణిగిరి సంగతే చూద్దాం. 2024 మార్చిలో అక్కడ రాష్ట్ర వారసత్వ శాఖ జరిపిన తవ్వకాల్లో ఒక మట్టికుండలో 3,730 సీసపు నాణేలు దొరికాయి. ఒకవైపు ఏనుగు, మరోవైపు ఉజ్జయిని గుర్తు (కూడిక గుర్తు కొసల్లో నాలుగు వలయాలు) ఉన్న ఆ నాణేలు, శాతవాహనుల తర్వాత ఈ ప్రాంతాన్ని ఏలిన ఇక్ష్వాకుల కాలానివని అధికారులు ప్రకటించారు. ఇంత పెద్ద నిధి మన జిల్లాలో దొరకడం మనందరికీ గర్వకారణమే, కానీ సీసం స్వభావం తెలిసినవారికి ఆ సంతోషంతో పాటే ఆందోళన కూడా కలుగుతుంది. సీసపు నాణేలను భద్రంగా ఉంటాయనుకొని చెక్క బీరువాలోనో, ప్లైవుడ్ అరల్లోనో పెడితే, ఆ చెక్క నుంచి నెమ్మదిగా వెలువడే ఎసిటిక్ ఆమ్లపు ఆవిరి గాలిలోని తేమతోనూ బొగ్గుపులుసు వాయువుతోనూ కలిసి లోహాన్ని తినేసి తెల్లటి పొడిగా మార్చేస్తుంది. ఆ పొడి రాలిపోతే దానితోపాటే ఏనుగూ పోతుంది, ఉజ్జయిని గుర్తూ పోతుంది, ఏ రాజు కాలానిదో చెప్పే ఆధారమూ పోతుంది. చెక్క తగలని లోహపు అరలు, తేమను పీల్చే సిలికా జెల్, సీసం విషపదార్థం కాబట్టి పట్టుకునేవారి చేతులకు తొడుగులు ఉంటే చాలావరకు ఈ ముప్పు తప్పుతుంది. ఇది కోట్లు ఖర్చయ్యే పని కాదు. తెలిసినవారు సకాలంలో చెప్పాలి, చెప్పినది వినే యంత్రాంగం ఉండాలి, అంతే.

అదే ఫణిగిరి గుట్ట మీద దొరికిన బౌద్ధ శిల్పాలు సున్నపురాయివి. 2023లో న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం ప్రదర్శనలో చోటు దక్కేంతటి పనితనం వాటిది. సున్నపురాయి మీద ఆమ్లం చుక్క పడితే రాయి బుసబుస పొంగి కరుగుతుంది. మన గుళ్లలో ఎక్కువగా కనిపించే నల్లరాయిని, గ్రానైట్‌ను కడిగే పద్ధతిని దానికి వాడితే శిల్పం ముఖం చెరిగిపోతుంది. ఏ రాయికి ఏది పనికొస్తుందో నిర్ణయించాల్సింది పరిరక్షణ రసాయన శాస్త్రవేత్త, టెండరు దక్కించుకున్న కాంట్రాక్టరు కాదు.

కొంతకాలం క్రితం మా ప్రాంతంలోని ఒక పాత శివాలయానికి జీర్ణోద్ధరణ జరిగింది. ఊరివారు చందాలు వేసుకొని, ఎంతో భక్తితో చేసిన పని అది, వారి మనసును నేను శంకించడం లేదు. స్తంభాల మీది పాత సున్నం పొరలు తీయడానికి యంత్రంతో ఇసుకను వేగంగా కొట్టించారు. పని అయ్యాక వెళ్లి చూస్తే స్తంభం మీది పద్మం రేకులకు అంచులు లేవు, వేలితో తడిమితే అరిగిన మెట్టులా నునుపుగా తగిలింది. మండపంలోని శాసనపు బండకు ఎనామిల్ రంగు వేశారు, అక్షరాల గాళ్లలో రంగు నిండి గడ్డకట్టడంతో ఒకప్పుడు కూడబలుక్కొని చదవగలిగిన పంక్తులు ఇప్పుడు కంటికి ఆనడం లేదు. పని మొదలుపెట్టే ముందు లిపి తెలిసిన ఒక్కరు వచ్చి, తడి కాగితం అద్ది సిరాతో నకలు తీసి ఉంటే, కనీసం ఆ పాఠమైనా మనకు మిగిలేది. ఆ బండ మీద ఏ చెరువుకు ఎంత మాన్యం ఇచ్చారో, ఎవరు ఎవరికి ఏ పన్ను మినహాయించారో రాసి ఉండవచ్చు. మన జిల్లాల చరిత్రలో చాలా భాగం ఇలాంటి బండల మీద తప్ప మరెక్కడా లేదు.

సిమెంటు విషయంలోనూ ఇదే జరుగుతోంది. జడ్చర్ల దగ్గర అల్వాన్‌పల్లిలోని గొల్లత్తగుడి ఇటుకలతో కట్టిన జైన ఆలయం. అంత పాతదై, అంత ఎత్తున ఇప్పటికీ నిలిచి ఉన్న ఇటుక కట్టడాలు దేశంలోనే అరుదు. అలాంటి గోడలో పగులు వస్తే దగ్గర్లోని మేస్త్రీని పిలిచి సిమెంటు పూయించాలన్నది మనకు తోచే మొదటి ఆలోచన. డంగుసున్నం గోడలోని చెమ్మను బయటికి పోనిస్తుంది. సిమెంటు దాన్ని లోపలే బంధిస్తుంది, సిమెంటులోని లవణాలు ఇటుకలోకి చేరి, ఎండినప్పుడల్లా గట్టిపడి, ఇటుక ముఖాన్ని పెచ్చులు పెచ్చులుగా ఊడగొడతాయి. మరమ్మతు చేశామనుకున్న చోటే గోడ ముందుగా శిథిలమవుతుంది.

నిపుణులు ముందుండి నడిపిస్తే ఏం సాధ్యమో పాలమూరు ప్రజలకు వేరే చెప్పనక్కర్లేదు. శ్రీశైలం జలాశయంలో మునిగిపోవాల్సిన కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయికీ అంకె వేసి, విప్పి, అలంపురంలో మళ్లీ అదే వరుసలో నిలబెట్టారు. పిల్లలమర్రి ఊడలకు చెదలు పట్టినప్పుడు 2018లో వృక్ష నిపుణుల సలహాతో సెలైన్ సీసాల ద్వారా చుక్క చుక్కగా మందు ఎక్కించి ఆ మహావృక్షాన్ని కాపాడుకున్నారు. చెట్టు కోసం చూపిన ఆ శ్రద్ధే ఊరూరా ఉన్న రాతి సంపద మీద కూడా చూపాలని అడగడం అత్యాశ కాదు.

ఈ అవసరం ఇప్పుడు మరింత పెరిగింది. నారాయణపేట జిల్లా ముడుమాల్‌లో ప్రాచీన మానవులు పాతిన నిలువురాళ్లు 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరాయి. అక్కడ ఒక్కో రాయి విలువ దాని ఎత్తులో మాత్రమే లేదు, సూర్యగమనాన్ని బట్టి అది నిలిచిన స్థానంలో ఉంది. ఒరిగిందని ఎవరైనా సదుద్దేశంతో సరిచేసినా, దారికి అడ్డమని పక్కకు జరిపినా ఆ అర్థం శాశ్వతంగా పోతుంది. ముడుమాల్‌కు పేరు వచ్చింది కాబట్టి కాపలా కూడా వస్తుందని ఆశిద్దాం. పేరు రాని రాకాసి గుళ్లు, అంటే పెద్ద రాళ్లతో కట్టిన ప్రాచీన సమాధులు, పొలం చదును చేసే జేసీబీల కిందా, గుప్తనిధుల కోసం రాత్రిపూట తవ్వేవారి గడ్డపారల కిందా కనుమరుగవుతున్నాయి.

1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం పది రూపాయలకు మించిన విలువ గల పాత వస్తువు భూమిలో దొరికితే కలెక్టరుకు తెలియజేయాలి. ఆ కబురు కలెక్టరేట్‌కు చేరిన తర్వాత వస్తువును ఎవరు చూడాలి, ఎలా భద్రపరచాలి అన్నదే నా ప్రశ్న. నాలుగైదు జిల్లాలకు కలిపి అయినా సరే, ఒక శాసన నిపుణుడు, ఒక పరిరక్షణ రసాయన శాస్త్రవేత్త, పాత కట్టడాల మరమ్మతు తెలిసిన ఒక ఇంజినీరు ఉన్న సలహా మండలిని నియమించాలి. హైదరాబాద్‌లోని సాలార్‌జంగ్ మ్యూజియం ప్రయోగశాల, లక్నోలోని జాతీయ పరిరక్షణ పరిశోధనశాల వంటి సంస్థల సాయం తీసుకోవడం కష్టమేమీ కాదు. రక్షిత కట్టడాల జాబితాలో లేని పాత గుళ్లలోనూ ఈ మండలి రాతపూర్వక అనుమతి లేకుండా జీర్ణోద్ధరణ పనులకు నిధులు విడుదల చేయరాదు. వస్తువు దొరికిన వెంటనే చింతపండుతోనో బూడిదతోనో తోమవద్దని, దొరికిన మట్టితో సహా అలాగే ఉంచి తహసీల్దారుకు చెప్పాలని గ్రామపంచాయతీల్లో బోర్డు పెట్టించాలి, ఉపాధి హామీ మేట్లకు చెప్పాలి, ఎందుకంటే చెరువు పూడిక తీసేటప్పుడు ఇలాంటివి ముందుగా చూసేది వారే.

ఫణిగిరి నాణేలను, శిల్పాలను ఎలా భద్రపరుస్తున్నారో, వాటిలో ఎన్నింటిని ప్రజలు చూసేందుకు జిల్లాలోనే ఉంచబోతున్నారో సంబంధిత అధికారులు మీ పత్రిక ద్వారా తెలియజేయాలని కోరుతున్నాను.

ఇట్లు,
విశ్రాంత సాంఘికశాస్త్ర ఉపాధ్యాయుడు,
నల్లగొండ