చదవకుండానే మూసేసిన నా ఫిర్యాదు గురించి

కస్టమర్ సర్వీస్ విభాగం అధిపతి గారికి,

విషయం: ఫిషింగ్ కయాక్ (చేపలు పట్టే చిన్న తెడ్డు పడవ) అడుగున పగులు, దాని మీద నేను రాసినవేవీ మీ సిబ్బంది చదవకపోవడం.

అయ్యా,

"మీ సమస్య పరిష్కారమైంది, మా సేవకు రేటింగ్ ఇవ్వండి" అని మీ దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. కయాక్ మా షెడ్డులో బోర్లించినది బోర్లించినట్టే ఉంది. పగులు అలాగే ఉంది. చూడటానికి ఎవరూ రాలేదు, పడవ గురించి తెలిసినవాళ్లెవరూ ఫోన్ చేయలేదు. ఏం పరిష్కరించారని రేటింగ్ ఇవ్వమంటారు? ప్లాస్టిక్ అన్నాక పగులుతుంది, అది నాకు తెలుసు. పగిలినందుకు ఇంత కోపం రాలేదు. ఫొటోలతో సహా వివరంగా రాసిందంతా పక్కన పడేసి, మాట్లాడిన ప్రతివాళ్లూ మళ్లీ మొదట్నుంచీ చెప్పమన్నారే, దానికి వచ్చింది కోపం.

మొదట ఫోన్ తీసినాయన ఆర్డర్ నంబరు, మొబైల్ నంబరు, పిన్ కోడ్ అడిగాడు. చెప్పాను. "డ్రెయిన్ ప్లగ్ బిగించారా సార్?" అన్నాడు. పడవ పొట్టలో చేరిన నీరు తీసే రంధ్రానికి పెట్టే బిరడా అది. పడవను నీళ్లలోకి దించేముందు ఎవరైనా మొట్టమొదట చూసేది అదే. ప్లగ్ బిగించడమే కాదు, దాని రబ్బరు వాషర్ కింద ఇసుక రేణువు ఇరుక్కుందేమో కూడా తుడిచి చూస్తారు. నీరు ప్లగ్ నుంచి వస్తోందా, ఇంకెక్కడి నుంచైనా వస్తోందా అన్నది తేల్చడానికి గట్టు మీదే చేసే పరీక్ష ఉంది. పడవను బోర్లించి, అడుగంతా సబ్బు నీళ్లు పోసి, డ్రెయిన్ రంధ్రంలో గొట్టం పెట్టి మెల్లగా గాలి ఊదాలి. సైకిల్ పంపు చాలు, కంప్రెసర్ పెడితే పడవ దెబ్బతినొచ్చు. కారే చోట బుడగలు లేస్తాయి. ప్లగ్‌ని తిరిగి బిగించి ముందువైపు మూత దగ్గర్నుంచి ఊది చూసినా బుడగలు ప్లగ్ దగ్గర లేవలేదు, సీటు వెనక ఎడమవైపు స్కప్పర్ రంధ్రం (పైన పడ్డ నీరు కిందికి జారిపోయే రంధ్రం) అంచునే లేచాయి. ఈ సంగతంతా నా మొదటి మెయిల్‌లోనే ఉంది. ఆ మెయిల్ తెరిచి చూడమన్నాను. "మా సిస్టంలో మెయిళ్లు కనిపించవు సార్, వేరే టీముకి కలుపుతాను" అన్నాడు. వాళ్లు మళ్లీ ఆర్డర్ నంబరు అడిగారు.

రెండో టీములో అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది. ఆమె మీద నాకు కోపం లేదు, ఆమె చేతిలో ఏ అధికారమూ లేదని నాలుగు మాటల్లోనే తెలిసింది. ఎదురుగా ఉన్న కాగితం చూసి చదువుతోంది. "మార్కెట్లో దొరికే ఎపాక్సీ ముద్ద పెట్టి ఆరబెట్టండి సార్" అని చెప్పింది. ఆ కాగితం రాసిన వాళ్లెవరో నాకు కావాలి. మీ పడవ పాలిఇథిలిన్ అనే ప్లాస్టిక్. దానికి ఎపాక్సీ జిగురు అంటుకోదు. ఆరాక గోటితో గీరితే బిళ్లలా ఊడొస్తుంది. పాలిఇథిలిన్‌ని వేడితోనే అతకాలి. పగులు రెండు కొసల్లోనూ చిన్న రంధ్రాలు వేసి అది ఇంకా పాకకుండా ఆపాలి, పగులు వెంబడి వి ఆకారంలో గాడి తీయాలి, తర్వాత అదే రకం ప్లాస్టిక్ కడ్డీని హాట్ ఎయిర్ గన్‌తో కరిగిస్తూ నింపాలి. కడ్డీ వేరే రకమైతే అతుకు నిలవదు. అందుకే ఆ కడ్డీ మీరే పంపండి అని అడిగాను. "స్పేర్ పార్టుల లిస్టులో లేదు సార్" అంది. అంతలో లైను కట్టయింది. తిరిగి ఎవరూ చేయలేదు.

తర్వాత వచ్చిన మెయిల్‌లో సంతకం పెట్టిన మనిషి పేరు కూడా లేదు. "పడవను నేల మీద ఈడ్చడం వల్ల కలిగిన నష్టం, వారంటీ వర్తించదు" అన్న ఒక్క వాక్యం ఉంది. నేను పంపిన ఫొటో పెద్దది చేసి చూసినవాళ్లెవరూ ఆ మాట రాయరు. ఈడిస్తే పడే గీత పడవ పొడుగునా ఉంటుంది, వెడల్పుగా, పైపైనే ఉంటుంది. నా పడవ అడుగున అలాంటి గీతలు ఉన్నాయి, ఎవరి పడవకైనా ఉంటాయి. ఈ పగులు అలా లేదు. రంధ్రం లోపలి అంచు చుట్టూ అర్ధచంద్రంలా తిరిగింది. వెంట్రుక మందం. పక్కన బొటనవేలితో అదిమితే తెరుచుకుంటుంది, వేలు తీస్తే కనిపించకుండా మూసుకుపోతుంది.

అది అక్కడే ఎందుకు వచ్చిందో కూడా రాశాను. కయాక్‌తో పాటు మీరే ఒక రెండు చక్రాల బండి అమ్మారు. దాని నిలువు గొట్టాలు రెండూ కింద నుంచి స్కప్పర్ రంధ్రాల్లోకి దూరతాయి. స్కప్పర్ రంధ్రం అంటే పై డెక్కుకీ అడుగుకీ మధ్య పోతపోసిన సన్నని గొట్టపు గోడ. పడవ బరువూ, మీద పెట్టిన సామాను బరువూ అంతా ఆ రెండు అంచుల మీదే మోపుతారు. రోడ్డు నుంచి రేవు దాకా గతుకులో చక్రం దిగినప్పుడల్లా గొట్టం పక్కకి తన్ని ఆ గోడని వంచుతుంది. వంగి వంగి అక్కడే విచ్చుకుంటుంది. అడుగు కింద వెడల్పాటి దిళ్లు పెట్టి పట్టీలతో బిగించే బండి అయితే ఈ బాధ ఉండదు. వారంటీ లేదని చెప్పే ముందు ఆ బండిని మీ వెబ్‌సైట్‌లోంచి తీయాలి కదా? ఇప్పటికీ "ఈ కయాక్‌తో కలిపి కొనండి" అని దాన్నే చూపిస్తున్నారు.

ఇక నీళ్లలోకి దించే పద్ధతికొస్తాను, తప్పంతా అక్కడే జరిగిందని మీవాళ్లు అంటున్నారు గనక. యానాం, ఎదుర్లంక దగ్గర గోదావరి పాయ గౌతమి పోటుపాట్ల నది. రోజుకి రెండుసార్లు నీరు ఎక్కుతుంది, అది పోటు. రెండుసార్లు దిగుతుంది, అది పాటు. పోటుకీ పోటుకీ మధ్య దాదాపు 12 గంటల 25 నిమిషాలు, అందుకే రోజూ వేళ దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. కాకినాడ పోటు వేళ చూసుకుని, నీరు ఏటిలోపలికి ఎక్కి రావడానికి పట్టే సమయం కలుపుకుంటాం. పోటు ఇంకో గంటలో నిండుతుందనగా దించాలి. అప్పుడు నీరు ఒండ్రునంతా కప్పి గట్టి నేల దాకా వస్తుంది, పడవను ఈడ్చే పనే ఉండదు. పాటులో దించితే మోకాలి దాకా దిగబడే బురదలో 30 కేజీలకు పైగా బరువు లాగాలి. అంత బుద్ధిలేని పని ఎవరూ చేయరు. ఖాళీ పడవను ముందు తేలనిస్తారు, లంగరు, ఐస్ పెట్టె, రాడ్లు ఆ తర్వాతే ఎక్కిస్తారు. చుక్కాని ఎత్తి ఉంచి, నీరు మోకాళ్లు దాటాక దించుతారు. మొన నేల మీద, వెనక భాగం నీళ్లలో ఉండగా సీట్లో కూర్చోరు, కూర్చుంటే పడవ నడుమంతా వంగుతుంది. ఈ వరసలో ఒక్కటి కూడా మీ మాన్యువల్‌లో లేదు. రేవులో కొత్తవాళ్లకు మేమే చెబుతున్నాం.

దీనికి జవాబుగా వచ్చింది, "ఉప్పు నీళ్లలో వాడారు కాబట్టి వారంటీ లేదు" అని. ఈడ్చినందువల్ల అన్న మాట ఏమైంది? ఒక కారణం నిలవకపోతే ఇంకొకటి వెతుకుతున్నారా? వేసవిలో ధవళేశ్వరం బ్యారేజీ నుంచి కిందికి నీరు బాగా తగ్గినప్పుడు ఉప్పు పైకి ఎక్కుతుంది, వరదల కాలంలో ఎర్రనీరు దాన్ని నది సముద్రంలో కలిసే మొగ దాకా తోసేస్తుంది. ఇదంతా నిజమే. కానీ ఉప్పు పాలిఇథిలిన్‌ని ఏమీ చేయదు. తినేది చుక్కాని తీగల్ని, స్క్రూలని, రీలు బేరింగుల్ని. వాటిని వాడిన ప్రతిసారీ మంచినీళ్లతో కడుగుతాను, నా పడవకి అవన్నీ బాగానే ఉన్నాయి. పైగా మీ ప్రకటనలో రాసింది "నదులు, బ్యాక్‌వాటర్లు, సముద్ర తీరం" అని. ఆ పేజీని ఫొటో తీసి పంపాను. దానికి జవాబు లేదు.

అన్నిటికంటే కడుపు మండిన మాట ఇంకొకటి. "రిపేరయ్యేదాకా గట్టు మీంచి పట్టుకోవచ్చు కదా సార్, చేపలే కదా" అన్నాడు మీ ఏజెంటు. ఆ కుర్రాడికి తెలియదు, సరే. తెలియనివాడిని ఈ సీట్లో కూర్చోబెట్టిందెవరు? మేం పట్టేది జెల్లని. దానికి కళ్లతో పెద్ద పని లేదు, మీసాలతో వాసనా రుచీ పట్టి బురదనీళ్లలో తిండి వెతుక్కుంటుంది. పాటు మొదలవగానే గట్టు పక్క నీరంతా జారిపోతుంది. మడ అడవిలోని చిన్న కాలవలు ఏటిలోకి ఖాళీ అవుతాయి, వాటితో రొయ్యలు, పీతలు, చిన్న చేపలు కొట్టుకొస్తాయి. కాలవ మూతి దగ్గర లోతు ఒక్కసారిగా తెగే అంచున జెల్లలు కాచుకుంటాయి. ఆ అంచు గట్టు నుంచి విసిరితే అందదు, మధ్యలో ఒండ్రు దిబ్బ అడ్డం. అక్కడికి కయాక్‌లోనే చేరాలి. అంచుకి కాస్త ఎగువన లంగరు వేసి, ఎర వాసన ప్రవాహంతో పాటు కిందికి పోయేలా చూసుకోవాలి. తాజా చేప ముక్కో, రొయ్యో, కోడి లివరో సర్కిల్ హుక్కుకి (మొన లోపలికి తిరిగిన గుండ్రటి గాలానికి) గుచ్చి, 60 నుంచి 90 గ్రాముల జారే సీసం గుండు వేస్తే ప్రవాహంలో అడుగున నిలుస్తుంది. చేప లాగితే ఝాడించకూడదు, రాడ్డు దానంతట వంగి బరువు పట్టేదాకా ఆగాలి. ఝాడిస్తే సర్కిల్ హుక్కు నోట్లోంచి జారి వచ్చేస్తుంది. ఇలా పాటు సాగే గంటలే పట్టు దొరికే గంటలు. నీరు నిలిచిపోతే పట్టు ఆగిపోతుంది.

ఆ పాటు గంటల్లోనే పగిలిన పడవ ప్రాణం మీదికి తెస్తుంది. లంగరు తాడు ముక్కుకో తోకకో కట్టి, లోతుకి 5 నుంచి 7 రెట్ల తాడు వదిలి నిలుస్తాం. పక్కన కడితే ప్రవాహం పడవను అడ్డంగా తిప్పి బోల్తా కొట్టిస్తుంది. పగులులోంచి పొట్టలోకి 10 లీటర్లు చేరితే 10 కేజీలు, అదీ ఒకచోట ఉండదు. పడవ ఎటు వాలితే అటు పరుగెడుతుంది, వాలినదాన్ని ఇంకా వాలుస్తుంది. అప్పుడు పెద్ద చేప పక్కకి లాగినా, సముద్రపు గాలి ప్రవాహానికి ఎదురు లేచినా చాలు. పడవ కింద మనిషి ఉంటాడు, నీరు మొగ వైపు లాగుతూ ఉంటుంది. పడవలో పడున్న జెల్ల మెడ ముల్లూ, పక్క ముళ్లూ బిగబట్టి ఉంటాయి, తడబాటులో చెయ్యి పడితే దిగిపోతాయి.

ఇదంతా తెలిసి కూడా కాదు, తెలుసుకోకుండా మీ తర్వాతి ఏజెంటు ఏమడిగాడో వినండి. "కయాక్ నీటిలో ఉండగా నీరు కారుతున్న వీడియో, అందులోనే సీరియల్ నంబరు కనిపించాలి." సీరియల్ నంబరు పడవ తోక కొసన ఉంటుంది. పగులు సీటు వెనక అడుగున ఉంది. రెండూ ఒకే వీడియోలో రావాలంటే పడవ కింద నీళ్లలో మునగాలి. గట్టు మీద సబ్బు బుడగల వీడియో పంపాను, పక్కనే సీరియల్ నంబరు ఫొటో పంపాను. "ఫార్మాట్ సరిపోలేదు" అన్నారు. ఆ తర్వాత ఇంకొకరు "హైదరాబాద్ సర్వీస్ సెంటర్‌కి తెచ్చివ్వండి" అన్నారు. 12 అడుగుల పడవను ఏ బస్సు ఎక్కించుకుంటుంది? రవాణా ఎవరు భరిస్తారని అడిగాను. జవాబు రాలేదు. వచ్చింది రేటింగ్ మెసేజ్.

నేను మీ తెడ్డు కొన్నాను, మీ లైఫ్ జాకెట్ కొన్నాను, మీ లంగరు కొన్నాను. రేవులో ఎవరు అడిగినా మీ పేరే చెప్పాను. నా మాట మీద కొన్నవాళ్లు అదే బండి మీద అదే పడవను తోసుకుంటూ వస్తున్నారు. వాళ్ల పడవల్ని బోర్లించి స్కప్పర్ అంచులు వేలితో నొక్కి చూడమని నేను చెప్పాను. ఆ పని మీరు చెయ్యాల్సింది.

నాకు కొత్త పడవే ఇస్తారో, అదే ప్లాస్టిక్ కడ్డీతో అతికే మనిషిని మా ఊరికి పంపిస్తారో మీ ఇష్టం. ఆ బండి డబ్బులు మాత్రం వెనక్కి ఇవ్వాలి, దాన్ని ఈ పడవతో కలిపి అమ్మడం ఆపాలి. అంతకంటే ముందు, ఈ ఉత్తరం మొత్తం చదివిన ఒక్క మనిషి తన పేరు, ఫోన్ నంబరుతో నాకు జవాబు రాయాలి. మళ్లీ ఆర్డర్ నంబరు అడిగితే నేను చెప్పను, ప్రతి మెయిల్ పైనా ఉంది.

2020 నాటి ఈ-కామర్స్ వినియోగదారుల నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి. మీరు రెండూ చేయలేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద నేను ఉండే చోటే జిల్లా కమిషన్‌లో కేసు వేయొచ్చు, 5 లక్షల లోపు విలువకి ఫీజు కూడా లేదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి కూడా ఫోన్ చేస్తాను. సబ్బు బుడగల వీడియో, మీ ప్రకటన ఫొటో, ఈడ్చారని ఒకసారి, ఉప్పు నీళ్లని ఒకసారి మీరు పంపిన మెయిళ్లు అన్నీ వరసగా పెట్టి ఉంచాను. ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లో మనిషి మాట్లాడకపోతే అవన్నీ కమిషన్ ముందుకి వెళతాయి.

ఇట్లు,
మీ కయాక్ కొన్న వినియోగదారుడు,
యానాం దగ్గర, గౌతమి ఒడ్డు

జత: పగులు ఫొటోలు, సబ్బు నీళ్ల పరీక్ష వీడియో, సీరియల్ నంబరు ఫొటో, బిల్లు, మీ ప్రకటన పేజీ ఫొటో, ఇప్పటిదాకా నడిచిన మెయిళ్లన్నీ.