పెద్దాయన ముంచేశాడు

ఒరేయ్,

నీ రెండు ఉత్తరాలకీ జవాబు రాయలేదు, ఒప్పుకుంటున్నా. మొదటిదానికి బద్ధకం అడ్డమొచ్చింది. రెండోది వచ్చేసరికి, మొదటిదానికి రాయలేదన్న సిగ్గు. తిట్టుకో, కానీ ఇది చివరిదాకా చదివాక తిట్టు. ఇక్కడంతా కులాసా. నడుం నొప్పి తగ్గింది, కళ్లజోడు నంబరు పెరిగింది, చిన్నదానికి పరీక్షలయిపోయాయి. కబుర్లు ఇంతే. అసలు సంగతి వేరే ఉంది. నాలుగు రోజులుగా కడుపులో దాచుకోలేక చస్తున్నా.

మొన్న మీ అక్క ఫోన్ చేసింది. నేను వేసిచ్చిన కాగితం పూల బొమ్మకి అద్దం లోపల బూజు పట్టిందట, ఫ్రేము మార్చిపెట్టమంది. తెచ్చి బల్ల మీద బోర్లా పెట్టి, మేకులు పీకి, బొమ్మ అంచుల్ని కప్పే అట్ట, అదే మౌంటు, ఎత్తాను. ఎత్తి అలాగే కూర్చుండిపోయాను.

మౌంటు కింద దాగి ఉన్న అంచు చుట్టూ వేలెడు వెడల్పున పట్టీ. అందులో పూలరేకుల కొసలు ఎర్రగా, తడిగా, నిన్న వేసినట్టున్నాయి. లోపలంతా ఏమీ లేదురా! పూలు పోయాయి. పాలలో ఒక చుక్క సిరా పడితే వచ్చే రంగు ఉంటుందే, అది మిగిలింది. ఏడాదికి నాలుగుసార్లు ఆ గోడ ముందు కూర్చుని మాట్లాడాను కదా, ఒక్కసారి కూడా అనుమానం రాలేదు. మెల్లగా పోయేదాన్ని కన్ను పట్టుకోలేదు. ఎండ బాగా పడే ఆ గోడని ఏరి ఏరి మేకు కొట్టింది కూడా నేనే.

అర్థమైందిగా ఎవరి పనో? పెద్దాయన!

నా ఎర్రరంగు, అలిజరిన్ క్రిమ్సన్. పద్దెనిమిదేళ్లు నా రంగుల డబ్బాలో కుడివైపు మొదటి గది ఆయనది. ట్యూబు అయిపోతే కత్తిరించి, లోపల గీరి వాడిన వెధవని నేను. గాజులా కిందిది కనిపించేలా పరుచుకునే ఎరుపు ఇంకోటి లేదని నీతో ఎన్ని రాత్రులు వాదించాను! విరిడియన్ పచ్చలో కాస్త కలిపితే బూడిద, ఇంకాస్త కలిపితే నలుపు. అల్ట్రామెరీన్ నీలంలో కలిపితే సాయంత్రపు నీడ. ఆయన ఉన్నాడనే నల్లరంగు ట్యూబు కొనడం మానేశాను. జేబులో డబ్బులున్నాయో లేదో చూసుకోకుండా బయల్దేరాను గానీ, పెద్దాయన లేకుండా ఎప్పుడూ గడప దాటలేదు.

ఆయన పోతూ పోతూ ఒక్కడే పోలేదు చూడు, అది ఇంకా ఘోరం. గోడ మీది ఊదా నీడలు నీలంగా మారిపోయాయి. ఆకుల కింద నేనెంతో గర్వపడిన ఆ బూడిదరంగు నలుపు ఇప్పుడు ఒట్టి పచ్చ. బొమ్మంతా జ్వరం పడి లేచిన మనిషిలా ఉంది. వాన్ గో పడకగది బొమ్మ గురించి మనం చదివాం గుర్తుందా? 1888లో ఆ గోడలు ఊదాగా వేశానని ఆయనే రాసుకున్నాడు, ఎరుపు వెలిసిపోయి ఇవాళ నీలంగా కనిపిస్తున్నాయి. అప్పుడు నేనేమన్నాను? 'ఆయన చౌక రంగులు వాడుంటాడు' అన్నాను. నా నోటికి తాళం వెయ్యాలి.

రాత్రి కూర్చుని పెద్దాయన జాతకం తీశాను. 1868లో గ్రేబె, లీబర్‌మాన్ అని ఇద్దరు జర్మన్లు, అంతవరకు మొక్క వేరు నుంచి తీసే ఈ రంగుని తారులో దొరికే ఆంత్రసీన్ నుంచి తయారు చేశారు. ఎంత బాగా తయారు చేస్తేనేం, వెలుతురుకి ఆగదు. చిక్కగా వేస్తే కొంతకాలం నెట్టుకొస్తుంది. నాలాగా నీళ్లలో పల్చగా పరిస్తే కాగితం మీద ఉండే రంగే కాస్త, అదీ వెలుతురు తినేస్తుంది. ఇందులో రహస్యమేమీ లేదు. ట్యూబు మీద ఏ రంగుపదార్థమో చెప్పే కోడ్ 'పీఆర్ 83' అని చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. ఆ కోడ్ ఏమిటో పద్దెనిమిదేళ్లలో ఒక్కసారైనా చూడాలనిపించలేదు నాకు. మోసం ఆయనది అనాలా, లేక... సరే, వదిలెయ్.

ఇప్పుడు గట్టిగా ఊపిరి తీసుకో. నేను చెయ్యి కడుక్కోడానికి వెళ్లినప్పుడు ఎడమ మూల నువ్వు నీ ట్యూబుతో ఒక గుత్తి వేసి పారిపోయావే? 'సబ్బు గులాబి' అని నేను మూడు రోజులు నీతో మాట్లాడకపోతే 'కొండ గేదె' బొమ్మ గీసి తలుపు కింద తోశావే? ఆ గుత్తి ఉందిరా! చెక్కుచెదరకుండా ఉంది. బొమ్మలో వికసించి ఉన్నవి నీ పూలొక్కటే. నీ ట్యూబులోది క్వినాక్రిడోన్ అనే రంగు, కోడ్ పీవీ 19. కార్ల మీద పూసినా ఎండకి ఆగే జాతి.

మీ అక్కకి ఫోన్‌లో నెమ్మదిగా చెప్పాను. ఆవిడ నవ్వింది. 'తెల్ల కాగితం పూల మధ్య ఒక్క గుత్తి గులాబీగా వేశావు, భలే ఆలోచన అని వచ్చినవాళ్లందరికీ చెప్తుంటాను కదరా' అంది. ఏం మాట్లాడను? నీ పేరు చెప్పలేదు. చెప్పాలి. చెప్తాను.

మళ్లీ వేద్దామంటే వాటర్ కలర్, పైన పూస్తే బురదవుతుంది. కొత్తది వేసిస్తానంటే ఆవిడ ఇదే కావాలంటోంది. నిన్న ఒక కాగితం మీద పెద్దాయన్నీ, నీ సబ్బునీ పక్కపక్కన పూసి, ఏది ఎంత వెలుస్తుందో చూద్దామని సగం నల్లకాగితం కప్పి కిటికీకి అంటించాను. అవి కాక నేను అమ్మినవి, ఇచ్చినవి, ఎవరెవరి గోడల మీద ఏమేం తెల్లబడుతున్నాయో... ఒక జాబితా రాయడం మొదలెట్టి పదకొండో పేరు దగ్గర ఆపేశాను.

ఇంకో తమాషా. ఇంతా అయ్యాక ఇవాళ పొద్దున కుండీలో మందారం నీడ వెయ్యబోతే చెయ్యి దానంతటదే కుడివైపు మొదటి గదిలోకి పోయింది. బ్రష్ ముంచేశాను కూడా. ఆ ఊదా ఎంత బావుందో

గేటు చప్పుడైంది, మీ అక్కే. ఫ్రేము ఇంకా బిగించలేదు, నీ గుత్తి సంగతి ఇప్పుడే చెప్పాలి. మిగతాది తర్వాత.