సరిహద్దు గీసింది ఫియోర్డ్ కాదు

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో వచ్చిన నార్వే యాత్రా వ్యాసం చక్కగా ఉంది. అయితే ఆగ్నేయ మూలనున్న ఓస్ట్‌ఫోల్డ్ కౌంటీకీ స్వీడన్‌కూ నడుమ ఇడ్డెఫియోర్డ్ (ఫియోర్డ్ అంటే కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సన్నని సముద్రపు పాయ) అనాదిగా ప్రకృతి పెట్టిన ఎల్ల అని అందులో రాయడం సరికాదు.

తూర్పున అడవుల వెంట స్వీడన్ పొరుగు పాతదే. ఫియోర్డ్ సంగతి వేరు. 1658 వరకు దాని రెండు ఒడ్లూ నార్వేవే. దక్షిణాన ఉన్న బూహుస్లేన్ కూడా నార్వేలో భాగమై, గోటా నది ఒడ్డున బూహుస్ కోట దాకా విస్తరించి ఉండేది. యుద్ధంలో ఓడిన డెన్మార్క్-నార్వే రాజు మూడో ఫ్రెడరిక్ రోస్కిల్డే సంధిలో ఆ ప్రాంతాన్ని స్వీడన్‌కు వదులుకోవడంతో ఎల్ల ఒక్కసారిగా ఉత్తరానికి జరిగి, హాల్డెన్ అనే చిన్న రేవు దేశానికి వాకిలి అయి కూర్చుంది. మూడేళ్లకు, 1661లో, అక్కడి కొండ మీద ఫ్రెడ్రిక్‌స్టెన్ కోట కట్టడం మొదలుపెట్టారంటే కారణం ఇదే. 1716లో స్వీడన్ రాజు పన్నెండో చార్లెస్ దండెత్తినప్పుడు, అతని సైన్యానికి నిలువ నీడ దొరకకూడదని ఊరివాళ్లే తమ ఇళ్లకు నిప్పు పెట్టుకున్నారు. రెండేళ్ల తర్వాత అదే కోటను ముట్టడిస్తూ కందకంలో ఉండగా ఆ రాజు తలకు దెబ్బ తగిలి చనిపోయాడు. ఆ గుండు శత్రువుదా, సొంత మనిషిదా అన్న వాదన నేటికీ చరిత్రకారుల మధ్య నడుస్తూనే ఉంది.

ఎల్ల జరగడం మా ఇంట్లో తెలిసిన కథే కనుక ఇంత వివరంగా రాస్తున్నాను. మా నాన్నగారు తిరుత్తణి తాలూకాలో తన పొలం గట్టు దాటకుండానే 1960 ఏప్రిల్ 1న ఆంధ్రప్రదేశ్ నుంచి మద్రాసు రాష్ట్రంలోకి వచ్చారు. అక్కడ యుద్ధం, ఇక్కడ రెండు రాష్ట్రాల సరిహద్దు తగాదాకు మధ్యవర్తిగా ఉన్న పటాస్కర్ సిఫారసు, పోలిక అంతవరకే.

మరొక సవరణ. ఓస్ట్‌ఫోల్డ్ ఇప్పుడు లేదని వ్యాసం చెప్పింది. 2020లో దాన్ని వీకెన్ అనే పెద్ద కౌంటీలో కలిపిన మాట నిజమే గాని, ఆ వీకెన్‌ను విడదీయడంతో 2024 జనవరి 1న ఓస్ట్‌ఫోల్డ్ తిరిగి ఏర్పడింది. ఇక స్వీనెసున్ జలసంధి మీద 1946లో తెరిచిన వంతెనకు తోడుగా 2005లో వచ్చిన రెండో వంతెన దాటి, నార్వేవాళ్లు ఇప్పుడు మాంసం, మిఠాయిలు చవకగా కొనుక్కోవడానికి ఒకప్పటి తమ బూహుస్లేన్‌కే వెళుతున్నారు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
పెరంబూరు, చెన్నై