గ్యాస్ బిళ్ల ఇచ్చే ముందు మూడు ప్రశ్నలు

సంపాదకులు గారికి,

నమస్కారం. గుంటూరు కొత్తపేటలోగానీ విజయవాడ సూర్యారావుపేటలోగానీ రాత్రిపూట ఏ మెడికల్ షాపు ముందు కాసేపు నిలబడినా ఒక మాట వినపడుతుంది: "గ్యాస్ పట్టేసినట్టుంది, ఏదన్నా బిళ్ల ఇవ్వండి." చాలాసార్లు అది గ్యాసే. మన కారాలు, పొద్దుపోయి తినే భోజనాలు అలాంటివి. కానీ గుండెపోటుతో ఆసుపత్రికి ఆలస్యంగా చేరేవాళ్లలో ఎంతోమంది ముందు ఆ కౌంటరు దగ్గర ఆగి వచ్చినవాళ్లే. ఛాతీకి ఎడమవైపు పొడిస్తేనే గుండెనొప్పి అన్న నమ్మకం మన జనంలో అంత గట్టిగా పాతుకుపోయింది. ఆ కౌంటరు వెనక నిలబడేవాళ్లకూ, పల్లెల్లోని ఆర్ఎంపీలకూ, ఇళ్లలో పెద్దవాళ్లకూ చేరాలని ఈ ఉత్తరం రాస్తున్నాం.

నొప్పి ఎక్కడ ఉందన్నదానికన్నా అది ఎప్పుడు వస్తోంది, ఎప్పుడు పోతోంది అన్నది ముఖ్యం. గుండె నుంచి వచ్చే నరాలు, భుజం, చేయి, వీపు నుంచి వచ్చే నరాలు వెన్నుపాములో దగ్గరదగ్గర చోట్లే చేరతాయి. అందుకే బాధ ఎక్కడ పుట్టిందో మెదడు సరిగా తేల్చుకోలేదు. కింది దవడ లాగుతుంది, మెడ పట్టేస్తుంది, వీపున రెండు రెక్కల మధ్య బరువు పెట్టినట్టుంటుంది, మోచేతి నుంచి చిటికెన వేలిదాకా తిమ్మిరెక్కుతుంది. చాలామంది దీన్ని నొప్పి అని కూడా అనరు. "బిగుతుగా ఉంది", "మంటగా ఉంది", "ఏదో అడ్డుపడ్డట్టుంది" అంటారు. పంటి డాక్టరు దగ్గరికి వెళ్లి, పళ్లన్నీ బాగున్నాయని చెప్పించుకుని తిరిగొచ్చేవాళ్లూ ఉంటారు. పుచ్చిపోయిన పన్ను నమిలితే, చల్లనిది తగిలితే లాగుతుంది. మంగళగిరి కొండ మెట్లెక్కుతుంటే దవడ లాగి, మెట్టు మీద కూర్చున్న ఐదు నిమిషాల్లో పోయిందంటే ముందు చూడాల్సింది పన్నును కాదు, గుండెను. కడుపునిండా తిన్న వెంటనే నడిచినప్పుడు, కార్తీకమాసంలో తెల్లవారుజామున కృష్ణలో చన్నీళ్ల స్నానం చేసినప్పుడు ఈ బాధ తొందరగా బయటపడుతుంది. ఆ సమయాల్లో గుండెకు పని పెరుగుతుంది.

అందుకని గ్యాస్ బిళ్ల అడిగిన మనిషిని మూడు ప్రశ్నలు అడగమని మా మనవి. నడిస్తేనో, మెట్లెక్కితేనో ఎక్కువై, ఆగితే తగ్గుతోందా? దాంతోపాటు చెమట, ఆయాసం, వాంతి, కళ్లు తిరగడం ఏదైనా ఉందా? షుగరు, బీపీ, సిగరెట్ ఉన్నాయా, తండ్రికో అన్నదమ్ములకో 55 ఏళ్లలోపు, తల్లికో అక్కచెల్లెళ్లకో 65 ఏళ్లలోపు గుండెజబ్బు వచ్చిందా? మొదటి రెండింటిలో ఒక్కదానికి "అవును" అన్నా వెంటనే ఈసీజీ తీయించాలి. మూడోదానికి కూడా అవునంటే ఇక ఆలోచించే పనే లేదు.

గ్యాస్ అనుకుని మోసపోయే రకం ఒకటుంది, దాని గురించి కాస్త వివరంగా చెప్పాలి. గుండె అడుగు భాగం డయాఫ్రం (ఛాతీకీ పొట్టకూ మధ్య ఉండే కండరపు పొర) మీద, అంటే పొట్టకు సరిగ్గా పైన ఆనుకుని ఉంటుంది. ఆ భాగానికి రక్తం ఇచ్చే ధమని, ఎక్కువమందిలో కుడి కరోనరీ (గుండెకు రక్తమిచ్చే కుడివైపు ధమని), పూడుకుపోతే బాధ పొట్ట పైభాగంలో తెలుస్తుంది. వికారం, వాంతులు, ఒక్కోసారి ఆగని ఎక్కిళ్లు వస్తాయి. నాడి నెమ్మదిస్తుంది. గోలీసోడా తాగితే త్రేన్పొచ్చి కాస్త తేలిక పడ్డట్టు ఉండొచ్చు కూడా. బిళ్లకో సోడాకో తగ్గింది కాబట్టి గుండె కాదు అనుకోవడానికి వీల్లేదు. ఈ రకంలో గుండె కుడి గది కూడా దెబ్బతిని ఉంటే, నాలుక కింద సార్బిట్రేట్ (గుండెనొప్పికి డాక్టర్లు రాసే బిళ్ల) పెట్టగానే బీపీ ఒక్కసారిగా పడిపోయి మనిషి కూలిపోవచ్చు. పక్కింటివాళ్లు ఇచ్చారని ఆ బిళ్ల వేసుకోవద్దు. డాక్టరు ముందే రాసిచ్చినవాళ్లు కూర్చునే పెట్టుకోవాలి. స్తంభన లోపానికి వాడే మందుల్లో సిల్డెనాఫిల్ వాడి 24 గంటలు, టాడాలాఫిల్ వాడి 48 గంటలు కానివాళ్లు అసలు పెట్టుకోకూడదు. కడుపునొప్పికి, ఒళ్లునొప్పులకు ఒకేలా డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ పొడిచే అలవాటు కూడా మానాలి. గుండెజబ్బు ఉన్నవాళ్లకు అది చెరుపు చేస్తుంది.

షుగరు ఏళ్ల తరబడి ఉన్నవాళ్లలో నరాలు మొద్దుబారి అసలు నొప్పే తెలియకపోవచ్చు. వాళ్లకు హఠాత్తుగా వచ్చే ఆయాసమే గుండెపోటు, కారణం లేని నీరసమే గుండెపోటు. వయసు మీరినవాళ్లలోనూ ఇంతే. ఆడవాళ్లకు ఛాతీ బాధ ఉన్నా, దాంతోపాటు వచ్చే ఆయాసం, వికారం, వీపునొప్పి ముందుకొచ్చి అసలుదాన్ని మరుగున పడేస్తాయి. పైగా ఇంటిపనిలో అలిసిపోయిందిలే అని ఇంట్లోవాళ్లు, తనకు తానూ సర్దిచెప్పుకుంటారు. పోయిన నెల రెండు బిందెలు ఆగకుండా మోసిన మనిషి ఈ నెల ఒక బిందెకే ఆగి ఊపిరి పీల్చుకుంటుంటే, ఆ తేడాయే లక్షణం. మిర్చి యార్డులో పనిచేసేవాళ్లు ఆయాసాన్ని ఘాటు మీదకు తోసేస్తారు. ఘాటు వల్ల వచ్చే దగ్గు యార్డు దాటి కాసేపు మంచి గాలి పీలిస్తే తగ్గుముఖం పడుతుంది. ఇంటికొచ్చాక కూడా నాలుగడుగులు వేస్తే ఆయాసపడుతున్నారంటే అది వేరే సంగతి. చెమట విషయంలోనూ అంతే. మే నెలలో బెజవాడ ఎండకు ఎవరికైనా చెమట పడుతుంది. ఫ్యాను కింద కూర్చున్న మనిషికి ఒళ్లు చల్లబడి ముచ్చెమటలు పోస్తే దాన్ని ఎండ మీద నెట్టకండి.

గుండె బలహీనపడినప్పుడు కనపడే గుర్తులు వేరు. పడుకుంటే ఆయాసం, రెండో దిండు ఎత్తు పెట్టుకుంటే గానీ నిద్రపట్టకపోవడం, పడుకున్న గంటా రెండు గంటలకు ఊపిరాడక లేచి కూర్చోవడం, పడుకున్నప్పుడే వచ్చే పొడిదగ్గు, వంగి చెప్పులు తొడుక్కుంటుంటే అర నిమిషంలోనే ఊపిరి అందకపోవడం. పగలంతా కాళ్లలో దిగిన నీరు పడుకోగానే రక్తంలోకి తిరిగి వస్తుంది కాబట్టి రాత్రి పదేపదే మూత్రానికి లేస్తారు. అది ప్రోస్టేట్ అనో షుగరు అనో అనుకుంటారు. చీలమండ పైన ఎముక మీద బొటనవేలితో ఐదు సెకన్లు నొక్కి తీస్తే గుంట అలాగే ఉందంటే నీరు చేరిందని అర్థం. బీపీకి ఆమ్లోడిపిన్ వాడేవాళ్లకు ఆ మందు వల్లే పాదాలు వాయొచ్చు. అలాగని సొంతంగా మానేయకుండా డాక్టరుకు చూపించండి. గుండె బలహీనత ఉందని తేలినవాళ్లు రోజూ పొద్దున కాలకృత్యాలు అయ్యాక, టిఫిన్‌కు ముందు, ఒకే రకం బట్టల్లో బరువు చూసుకోవాలి. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అది కొవ్వు కాదు, నీరు.

సిగ్గుపడి చెప్పుకోని గుర్తు ఒకటుంది. అంగానికి వెళ్లే ధమనుల వెడల్పు ఒకటి రెండు మిల్లీమీటర్లే, గుండె ధమనులది మూడు నాలుగు. అందుకని స్తంభన లోపం గుండె లక్షణాల కన్నా రెండు మూడేళ్లు ముందే కనపడొచ్చు. నలభైల్లో అది మొదలైతే గోడల మీద ప్రకటనలు చూసి వెళ్లకుండా బీపీ, షుగరు, కొలెస్ట్రాల్ చూపించుకోవాలి. కనురెప్పల మీద పసుపు రంగు మచ్చలు వచ్చినా కొలెస్ట్రాల్ పరీక్ష చేయించాలి. ఇక శ్రమ చేస్తున్నప్పుడు స్పృహ తప్పి పడిపోవడం ఏ వయసులోనైనా, ఆటస్థలంలో పడిపోయిన పిల్లవాడికైనా సరే, నీరసం కిందకు రాదు. ఈసీజీ, ఎకో (గుండె స్కానింగ్) తప్పనిసరి.

ఈసీజీ విషయంలోనూ అపోహలున్నాయి. బాధ ఉన్నప్పుడు తీసిన మొదటి ఈసీజీ బాగున్నంత మాత్రాన ఇంటికి వెళ్లిపోకూడదు. తొలి గంటలో పావుగంటకో అరగంటకో మళ్లీ తీయాలి, గుండె కండరం దెబ్బతిందా అని చెప్పే ట్రోపోనిన్ రక్తపరీక్ష కూడా కొన్ని గంటల తేడాతో రెండోసారి చేయాలి. నడిస్తేనే నొప్పి వచ్చేవాళ్లలో సుమారు సగం మందికి తీరిగ్గా పడుకోబెట్టి తీసిన ఈసీజీలో తేడా ఏమీ కనపడదు. పాత ఈసీజీ దగ్గరుంటే పోల్చి చూడటానికి డాక్టరుకు ఎంతో ఉపయోగం. అది ఎక్కువగా థర్మల్ కాగితం (వేడితో గీతలు పడే కాగితం) మీద వస్తుంది, బీరువాలో దాచినా గీతలు వెలిసిపోతాయి. భద్రంగా ఉంటుందని లామినేషన్ చేయిస్తే ఆ వేడికి కాగితమంతా నల్లబడుతుంది. తీసిన రోజే జిరాక్స్ తీయించి, ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి.

అనుమానం వస్తే మనిషిని కదలనివ్వకుండా కూర్చోబెట్టి 108కి ఫోన్ చేయండి. మెట్లు దింపి నడిపించుకెళ్లడం, బండి మీద మధ్యలో కూర్చోబెట్టుకెళ్లడం వద్దు. ఆస్పిరిన్ పడనివాళ్లు, కడుపులో రక్తస్రావం అయినవాళ్లు, మూతి వంకరపోయి కాలూచేయీ చచ్చుపడ్డవాళ్లు కాకపోతే, 300 మిల్లీగ్రాముల ఆస్పిరిన్, అంటే 150వి రెండు, నమిలి మింగించాలి. పైపూత ఉన్న బిళ్ల అలాగే మింగితే పనిచేయడం ఆలస్యమవుతుంది. పూర్తిగా పూడిన ధమని తెరిచే ఇంజెక్షన్ మొదటి మూడు గంటల్లో బాగా పనిచేస్తుంది, 12 గంటలు దాటితే ఇక దాన్ని సాధారణంగా ఇవ్వరు.

ఆ ఇంజెక్షన్, టెనెక్టిప్లేస్, రాష్ట్ర స్టెమీ (ధమని పూర్తిగా పూడిన గుండెపోటు) పథకం కింద ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా ఇస్తారు. ఈసీజీ అక్కడే తీసి పెద్దాసుపత్రి డాక్టర్లకు పంపుతారు, మా వైపుకు గుంటూరు జీజీహెచ్ ఆ కేంద్రం. దగ్గర్లోని ఏరియా ఆసుపత్రిలో ఈ ఏర్పాటు ఉందని తెలియక ఇంకా దూరం వెళ్లి గంటలు పోగొట్టుకుంటున్నారు. గుంటూరు, పల్నాడు, ఎన్టీఆర్, కృష్ణా జిల్లాల్లో ఏయే ఆసుపత్రుల్లో ఇది అందుబాటులో ఉందో ఆ పట్టికను అధికారుల నుంచి తెప్పించి, జిల్లా పేజీలో అప్పుడప్పుడూ వేయవలసిందిగా కోరుతున్నాం. మెడికల్ షాపులవాళ్లు దాన్ని కత్తిరించి కౌంటరు మీద అంటించుకుంటారు.

ఇట్లు,
కొందరు ఫిజీషియన్లు, స్టాఫ్ నర్సులు, ఈసీజీ టెక్నీషియన్లు
గుంటూరు