గల్లంతైన ఓడలకు కారణాలు దొరుకుతాయి

సంపాదకులకు,

19వ శతాబ్దం చివర సముద్రంలో మాయమైన ఓడల మీద మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాం. బొమ్మలు బాగున్నాయి. ‘మేరీ సెలెస్ట్’ నుంచి ‘వైతరణ’ దాకా అన్నిటినీ ఒకే గాటన కట్టేసి, అంతుచిక్కని రహస్యాలని వదిలేయడమే బాగాలేదు. వాటిలో చాలా ఓడలు ఎందుకు మునిగాయో చెప్పే ఆధారాలు ఉన్నాయి. ఏ రేవు నుంచి బయల్దేరింది, ఏ సరుకు ఎత్తుకుంది, ఎంత లోతు మునిగి కదిలింది, ఏ నెల: ఈ నాలుగూ తెలిస్తే సగం కథ తేలిపోతుంది.

ముందు ‘మేరీ సెలెస్ట్’ సంగతి. అది మునగనే లేదు. 1872 డిసెంబరులో ‘డెయీ గ్రాషియా’ అనే ఓడకు మనుషులు లేకుండా తేలుతూ దొరికింది. లోపల 1701 పీపాల ఆల్కహాలు, మూడున్నర అడుగుల నీరు ఉన్నాయి. నీరు తోడే పంపుల్లో ఒకటి విప్పి ఉంది, ప్రాణాలు కాపాడే పడవ లేదు. జెనోవాలో సరుకు దించినప్పుడు 9 పీపాలు ఖాళీగా కనిపించాయి. ఆ ఓడ తర్వాత పన్నెండేళ్లు తిరిగింది. 1885లో బీమా డబ్బు కోసం హైతీ దగ్గర కావాలనే దిబ్బకెక్కించారు. పోయింది పదిమంది మనుషులు, ఓడ కాదు.

వైర్‌లెస్ రాకముందు రేవు దాటిన ఓడ కబురు తెలియాలంటే దారిలో ఎదురైన మరో ఓడే దిక్కు. 1857 నాటి కమర్షియల్ కోడ్‌లో, అంటే ఓడలు మాట్లాడుకునే సంకేతాల పద్ధతిలో, 18 జెండాలు ఉండేవి. ఒక్కో ఓడకు నాలుగక్షరాల గుర్తు. ఆ నాలుగు జెండాలూ ఎగరేస్తే ఎదుటి కెప్టెన్ రాసుకుని, తన రేవు చేరాక చెప్పేవాడు. ఫలానా అక్షాంశంలో ఫలానా ఓడ కనిపించిందని ఓడల కబుర్లు వేసే లండన్ పత్రిక ‘లాయిడ్స్ లిస్ట్’లో అచ్చయ్యేది. రావలసిన రోజు దాటిపోతే ఓడ ఆలస్యం పట్టీలోకి ఎక్కేది. బీమాకు మళ్లీ బీమా తీసుకునేవాళ్లకు ధర వందకు ఇంతని రోజురోజుకూ పెరిగేది. చివరికి ఆశ వదులుకుని గల్లంతు జాబితాలో వేసేవారు, బీమా సొమ్ము చెల్లించేవారు. చూసి చెప్పే సాక్షి లేడు కాబట్టి పట్టీలో కారణం రాయలేదు. కారణమే లేదని దానర్థం కాదు.

మీ వ్యాసం బెర్ముడాకు ముడిపెట్టిన ‘అటలాంటా’నే తీసుకోండి. బ్రిటిష్ నౌకాదళం కుర్రవాళ్లకు శిక్షణ ఇచ్చే తెరచాప ఓడ. 1880 జనవరి 31న బెర్ముడా నుంచి ఇంగ్లండుకు బయల్దేరి, దాదాపు 280 మందితో మళ్లీ కనిపించలేదు. దానికి రెండేళ్ల ముందు, 1878 మార్చి 24న, అదే పనిలో ఉన్న ‘యురిడైస్’ కూడా అదే బెర్ముడా నుంచి తిరిగొస్తూ వైట్ దీవి దగ్గర మంచుతో కూడిన పెనుగాలికి ఒక్కసారిగా ఒరిగింది. చాపలు ఇంకా దించలేదు, పక్క కిటికీలు తెరిచి ఉన్నాయి, వాటి గుండా నీరు దూరింది. బతికింది ఇద్దరే. ఒడ్డుకు కనిపించేంత దూరంలో మునిగింది గనుక దాన్ని ఎవరూ రహస్యమనలేదు. ఇదే ప్రమాదం నడిసముద్రంలో జరిగి ఉంటే, అదీ మీ పటంలోని త్రికోణంలో చేరిపోయేది. ‘అటలాంటా’ దాటాల్సింది ఫిబ్రవరి నెల ఉత్తర అట్లాంటిక్‌ను, ఎక్కువమంది అనుభవం లేని కుర్రవాళ్లతో.

ఇక సరుకు ఓడలు. ఇక్కడ మీ వ్యాసం అసలు తలుపే తట్టలేదు.

ఓడకు బరువు ఎక్కువైతే నీటిపైన మిగిలే పక్క గోడ ఎత్తు తగ్గుతుంది. కెరటం డెక్కు మీదికెక్కి, అంచు గోడల మధ్య నిలిచిపోతుంది. బయటికి పోయే కంతలు చిన్నవైతే, ఆ నీరు పోయేలోగానే ఇంకో కెరటం ఎక్కుతుంది. హ్యాచ్ (సరుకు దించే డెక్కు ద్వారం) మీద తారు గుడ్డను బిగించిన చెక్క చీలికలు ఊడతాయి, పలకలు విరుగుతాయి, సముద్రం నేరుగా లోపలికి దిగుతుంది. ‘లండన్’ అనే స్టీమరు 1866 జనవరి 11న బిస్కే అఖాతంలో పోయింది ఇలాగే. ఇంజను గది పైకప్పు కిటికీ కెరటానికి పగిలి, నీరు దిగి పొయ్యిలు ఆరిపోయాయి. ఇంజను ఆగిన ఓడ కెరటాలకు అడ్డం తిరుగుతుంది, ఆ తర్వాత దాన్ని ఎవరూ నడపలేరు. దాదాపు 220 మంది పోయారు.

డెర్బీ నుంచి బ్రిటిష్ పార్లమెంటు సభ్యుడైన సామ్యూల్ ప్లిమ్‌సాల్ పోరాడింది దీని మీదే. 1875 జులైలో కామన్స్ సభలో ఓడల యజమానులను దుర్మార్గులని కేకలేసి రభస చేశాడు. 1876 చట్టంతో ఓడ పక్కన గుండ్రటి గుర్తు, దాని మధ్య అడ్డగీత తప్పనిసరి అయ్యాయి. అయితే గీత ఎక్కడ వేయాలో చట్టం చెప్పలేదు, యజమాని ఇష్టానికి వదిలేసింది. ఒక కెప్టెను దాన్ని పొగగొట్టం మీద వేయించాడని చెప్పుకుంటారు. నిజమో కాదో గానీ, చట్టం దానికి అడ్డు చెప్పేది కాదు. 1890 చట్టం వచ్చాకే గీత చోటు నిబంధన అయింది. కాబట్టి 1876 నుంచి 1890 దాకా పోయిన ఓడల ఫోటోలో గుర్తు కనబడింది గనుక భద్రంగా ఉన్నట్టేనని రాయకూడదు. ఆ పద్నాలుగేళ్లూ అది పెయింటు మాత్రమే.

తర్వాత గీతలు నిచ్చెనలా పెరిగాయి. పైనుంచి కిందికి మంచినీటి గీత, హిందూ మహాసముద్రపు వేసవి గీత, మామూలు వేసవి గీత, శీతాకాలపు గీత, అట్టడుగున ఉత్తర అట్లాంటిక్ శీతాకాలపు గీత. మంచినీటి గీత పైన ఎందుకంటే, సముద్రపు నీరు మంచినీటి కంటే వెయ్యికి 25 వంతులు బరువు. నదిలో 20 అడుగులు మునిగి నింపుకున్న ఓడ సముద్రంలోకి వెళ్లేసరికి దాదాపు ఆరంగుళాలు పైకి లేస్తుంది. ఎక్కువ నింపి పట్టుబడ్డ కెప్టెన్ల నోట ముందుగా వచ్చే సాకు ఇదే: నదిలో కదా, బయటికెళ్తే తేలుతుంది. ఆ ఆరంగుళాలకు మించి నింపినవాడికీ అదే జవాబు.

గోధుమలు సంచుల్లో కాక గుట్టగా పోస్తే వేరే ప్రమాదం. నింపినప్పుడు పైదాకా ఉన్న గింజ ఓడ కదలికకు సర్దుకుని కిందికి దిగుతుంది, పైన ఖాళీ ఏర్పడుతుంది. ఓడ ఆ గింజ జారే వాలుకు మించి ఒరిగితే సరుకంతా ఒక పక్కకు జారుతుంది, తిరిగి రాదు. ఓడ ఆ పక్కకే వాలి ఉండిపోతుంది, తర్వాతి కెరటం పని పూర్తి చేస్తుంది. దీనికే 1880లో బ్రిటన్ ధాన్యం రవాణా చట్టం తెచ్చి నడిమి అడ్డుపలకలు, పైన సంచులు వేయాలంది. వడ్రంగి పని, సంచుల ఖర్చు అనవసరమని ఎగ్గొట్టినవాళ్ల ఓడలు శాంతంగా కనిపించిన వాతావరణంలోనూ పోయాయి.

అయినా మేం ఎక్కువ చెప్పాల్సింది బొగ్గు గురించి. కొత్తగా తవ్విన బొగ్గు గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకుంటుంది, పీల్చుకున్న కొద్దీ వేడెక్కుతుంది. గడ్డ కంటే పొడి ఎక్కువ పీల్చుకుంటుంది. రేవులో బొగ్గును ఎత్తు నుంచి హ్యాచ్‌లోకి గుమ్మరించేవారు. మొదట పడ్డ గడ్డలు పగిలి, హ్యాచ్ కిందే పొడి గుట్ట పేరుకునేది. నిప్పు ఎక్కువసార్లు అక్కడే పుట్టేది. గంధకం కలిసిన ఇనుప రాయి వల్లే అంటుకుంటుందని చాలాకాలం నమ్మి, అసలు సంగతిని పక్కన పెట్టారు.

నింపే పరిమాణం ఎంత ముఖ్యమో 1874 లెక్కలు చూపిస్తాయి. బ్రిటన్ నుంచి ఆసియా, ఆఫ్రికా, అమెరికాలకు ఆ ఏడాది 4,485 బొగ్గు సరుకులు వెళ్లాయి. వాటిలో 60 అంటుకున్నాయి. 500 టన్నుల లోపు సరుకులు 2,109, అంటుకున్నవి 5. రెండువేల టన్నులు దాటినవి 77 మాత్రమే, వాటిలో అంటుకున్నవి 7. అంటే చిన్న సరుకుల్లో నాలుగు వందలకు ఒకటి, పెద్దవాటిలో పదకొండుకు ఒకటి. గుట్ట పెద్దదైతే లోపలి వేడి బయటికి పోయే దారి లేదు. పైగా పెద్ద ఓడలు వెళ్లేది దూరాలకు.

గాలి తగిలితే చల్లబడుతుందని చాలామంది బొగ్గు గుట్ట మధ్య నుంచి గొట్టాలు దింపి గాలి ఆడించారు. అదే కొంప ముంచింది. ఆ ఏడాదే ‘యూక్సిన్’, ‘ఆలివర్ క్రామ్‌వెల్’, ‘కలకత్తా’, ‘కోరా’ అనే నాలుగు ఓడలు ఒకే సమయంలో, ఒకే గని పొర నుంచి వచ్చిన బొగ్గు నింపుకున్నాయి. మొదటి మూడూ గాలి గొట్టాలతో ఏడెన్‌కు బయల్దేరి, మూడూ నిప్పంటుకుని పోయాయి. గొట్టాలు లేని ‘కోరా’ బొంబాయికి క్షేమంగా చేరింది. ఆ నిప్పును ఆర్పకుండా ఊదిపెట్టింది ఆ గొట్టాలే. 1876లో బ్రిటన్ ప్రభుత్వం వేసిన విచారణ సంఘం, రాయల్ కమిషన్, తేల్చింది కూడా ఇదే: గాలి సరుకు పైభాగాన ఆడాలి, లోపలికి పోకూడదు. పైన గాలి ఎందుకంటే, బొగ్గు నుంచి వచ్చే మీథేన్ గాలిలో 5 నుంచి 15 శాతం చేరితే ఒక్క దీపంతో పేలుతుంది. అలా పేలిన ఓడకు సాక్షులు మిగలరు. పైనుంచి నీళ్లు పోసినా ఫలితం తక్కువ. నిప్పు ఎన్నో అడుగుల లోతున ఉంటుంది, నీరు పక్క నుంచి జారిపోతుంది.

బ్రిటిష్ యుద్ధనౌక ‘కెప్టెన్’ గురించి రెండు మాటలు చాలు. నీటిపైన 8 అడుగుల పక్క గోడ ఉండాలని గీస్తే, కట్టేసరికి ఆరున్నరకు దిగింది. పైన నిండు తెరచాపల కొయ్యలు. ఒరిగిన ఓడను తిరిగి నిలబెట్టే శక్తి 21 డిగ్రీల దగ్గరే శిఖరానికి చేరి, 54కు సున్నా అయ్యేది. పక్కనే తిరిగిన ‘మోనార్క్’లో ఆ శిఖరం 40 దగ్గర. 1870 సెప్టెంబరు 7న ఫినిస్టర్ అగ్రం దగ్గర గాలివానలో ‘కెప్టెన్’ బోల్తాపడింది, ‘మోనార్క్’ నిలిచింది. దీన్ని కూడా దురదృష్టమని రాయడం మాకు నచ్చలేదు.

మన బంగాళాఖాతంలో పోయిన ‘సర్ జాన్ లారెన్స్’ మీ వ్యాసంలో లేకపోవడం పెద్ద లోటు. 1887 మే 25న కలకత్తా నుంచి పూరీ యాత్రికులతో చాంద్‌బాలీ వైపు వెళ్తూ తుపానులో చిక్కుకుని ఏడు వందలకు పైగా జనంతో మునిగింది. ఎక్కువమంది ఆడవాళ్లు. వాళ్ల జ్ఞాపకంగా కొందరు ఆంగ్లేయ స్త్రీలు వేయించిన రాతిఫలకం కలకత్తాలో హుగ్లీ నది ఘాటులో ఉంది.

అప్పటికి తుపానుల నడక తెలియనిది కాదు. ఉత్తరార్ధ గోళంలో గాలికి ముఖం పెట్టి నిలబడితే కేంద్రం కుడిచేతి వైపు, కాస్త వెనక్కి ఉంటుంది. గాలి దిశ గడియారం ముల్లులా తిరుగుతుంటే ఓడ తుపాను సాగే దిశకు కుడి సగంలో, అంటే ఎక్కువ ప్రమాదమున్న చోట ఉన్నట్టు. గాలిని ఓడ కుడి ముందు మూలకు పెట్టుకుని నెమ్మదిగా నెగ్గుకురావాలి. గడియారం ముల్లుకు ఎదురు తిరుగుతుంటే ఎడమ సగం. గాలిని కుడి వెనక మూలకు పెట్టుకుని పరుగు తీయాలి. దిశ మారకుండా గాలి ఒత్తిడి కొలిచే బారోమీటరులో పాదరసం పడిపోతుంటే కేంద్రం నేరుగా మీదికే వస్తోంది. ఈ సముద్రంలో పాదరసం రోజూ ఉదయం పదికి ఎక్కి, సాయంత్రం నాలుగుకు అంగుళంలో పదో వంతు దిగడం మామూలే. పది గంటలకు ఎక్కాల్సింది ఎక్కకపోతే అదే మొదటి హెచ్చరిక. అయితే ఈ సూత్రాలన్నిటికీ తప్పుకోవడానికి చోటు కావాలి. తీరం వెంబడి పోయే చిన్న స్టీమరుకు ఒక పక్క నేల ఉంటుంది, కనుక దానికి మిగిలే ఒకే నిర్ణయం రేవు వదలకపోవడం.

‘వైతరణ’ 1888 నవంబరు 8న కచ్ మాండవి నుంచి బొంబాయికి వెళ్తూ సౌరాష్ట్ర తీరం దగ్గర తుపానులో పోయింది. కరెంటు దీపాలున్నందుకు జనం దాన్ని ‘వీజళీ’ అనేవారు. పోయినవారి సంఖ్య ఒక్కోచోట ఒక్కోలా కనిపిస్తుంది. మీరు వేసిన అంకె పక్కన ‘సుమారు’ అని ఉండాల్సింది. అమెరికాలో 1898 నవంబరులో ‘పోర్ట్‌లాండ్’ పోయినప్పుడూ ఇదే చిక్కు: ప్రయాణికుల జాబితా ఓడలోనే ఉంది, ఓడతో పాటే పోయింది. అప్పటినుంచే ఒక నకలు ఒడ్డున వదలడం మొదలైంది.

ఇంకో దిద్దుబాటు. 1893లో 74 మందితో గల్లంతైన ‘నరోనిక్’ మంచుకొండను ఢీకొందని సీసాల్లో దొరికిన ఉత్తరాలను మీరు సాక్ష్యంగా చూపారు. ఆ ఉత్తరాల కింద ఉన్న పేర్లు ఆ ఓడ సిబ్బంది జాబితాలో లేవు. నిజంగా దొరికింది రెండు ఖాళీ పడవలు మాత్రమే.

వ్యాసం రెండో భాగం వచ్చేవారం ఉందని ప్రకటించారు. అందులో ప్రతి ఓడ పేరు పక్కన సరుకు, బయల్దేరినప్పుడు ఎంత లోతు మునిగి ఉందో, నెల వేయండి. ‘మేరీ సెలెస్ట్’, ‘నరోనిక్’ దిద్దుబాట్లను మొదటి పేజీలోనే ఇవ్వమని కోరుతున్నాం.

ఇట్లు,
నౌకా చరిత్ర చదువుకునే కొందరు పాఠకులు